గవర్నరు పదవిని విడిచిన రామారావుగారు

రిజర్వు బ్యాంకు గవర్నర్లలో అందరికంటె దీర్ఘకాలము ఆ పదవియందుండినవారు సర్ బెనెగల్ రామారావు. 1889లో జన్మించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివి, ఐ.సి.యస్. ఉద్యోగులై, అమెరికాలో మన రాయబారిగా నుండిరి. రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నరసింగరావు వీరి అన్నగారు. 1949 జూలై 1న గవర్నరైరి. బ్యాంకు ప్రభుత్వపరమై అప్పటికి ఆరు మాసములే.

1952లో వారు బిల్ మార్కెట్ పథకమును నెలకొల్పిరి. బ్యాంకులు తమ ఖాతాదారుల గడువు ప్రామిసరీ నోట్లను హామీగానుంచి రిజర్వు బ్యాంకునొద్ద అప్పు తెచ్చుకొనుట దీని పద్ధతి. వడ్డీ నూటికి 3.5. 1956 చివర ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఆ నోట్లపై స్టాంపు సుంకమును హెచ్చించిరి. పేరునకది పన్ను. ఫలితమున అప్పు ఖర్చు ఇంచుమించు నూటికి 4 అయ్యెను. ధరలు పెరుగుచున్న ఆ రోజులలో మంత్రిగారి ఉద్దేశము తప్పని నేననను. కాని వడ్డీని నిర్ణయించు పని ఎవరిది?

ప్రజాహితమునకై, గవర్నరుతో సంప్రతించి, బ్యాంకును ఆదేశించు అధికారము చట్టపు 7వ సెక్షనులో ప్రభుత్వమునకు కలదు. ఆ దారి త్రొక్కిన, ఆదేశించినట్లు లోకమునకు తెలియును! సుంకమునకా చిక్కు లేదు. రిజర్వు బ్యాంకు తన శాఖలో నొక భాగమన్నట్లు మంత్రి మాటలాడిరి. ఆ మాటల మొరటుదనమును గవర్నరు ప్రధానికి విన్నవించుకొనిరి. నెహ్రూగారు మంత్రి పక్షమే వహించిరి. బ్యాంకు సలహా చెప్పవచ్చును గాని ప్రభుత్వమునకు ఎదురు నడువరాదని వారి అభిప్రాయము. 1957 జనవరిలో రామారావుగారు రాజీనామా నిచ్చి వెడలిపోయిరి.

ఆ మే నెలలో బ్యాంకు రేటే 4 శాతమయ్యెను. రామారావుగారు 1969లో కీర్తిశేషులైరి.