విశ్వగాథను ఇంటింటికీ చేర్చిన కార్ల్ సేగన్

ఆకాశంలో మెరిసే చుక్కలను చూసి, అవి ఏమిటి, ఎంత దూరంలో ఉన్నాయి అని ఆలోచించని పిల్లలు ఉండరు. పెద్దయిన కొద్దీ చాలామంది ఆ ప్రశ్నను మరచిపోతారు. కార్ల్ సేగన్ మరచిపోలేదు. తెలుసుకున్నదానిని తనలోనే దాచుకోక కోట్లాది ప్రజలకు పంచిపెట్టాడు.

సేగన్ 1934 నవంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ దుస్తుల కర్మాగారంలో పనిచేసేవాడు. తల్లి పేరు రేచెల్. వారిది కలిగిన కుటుంబం కాదు. అయినా కుమారుని కుతూహలానికి వారు ఏనాడూ అడ్డు చెప్పలేదు. బాల్యంలో ఒకనాడు అతడు గ్రంథాలయానికి వెళ్లి నక్షత్రాల పుస్తకం కావాలని అడిగాడు. ఇంగ్లీషులో నక్షత్రాలకు, సినిమా తారలకు ఒకటే మాట. అందుచేత అక్కడి ఉద్యోగిని సినిమా తారల బొమ్మలున్న పుస్తకం తెచ్చి ఇచ్చింది. అతడు తనకు కావలసినదేమిటో వివరించి అసలు పుస్తకం తీసుకున్నాడు. సూర్యుడు కూడా ఒక నక్షత్రమేననీ, మిగిలినవి ఎంతో దూరాన ఉండడం వల్లనే చుక్కలవలె కనిపిస్తున్నాయనీ చదివి ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యమే అతని జీవితానికి దారి చూపింది.

సేగన్ షికాగో విశ్వవిద్యాలయంలో చదివి 1960లో డాక్టరేటు పట్టం పొందాడు. శుక్రగ్రహంపై దట్టమైన వాయుమండలం వేడిని బయటకు పోనీయదనీ, అందువల్ల ఆ గ్రహతలం మిక్కిలి వేడిగా ఉంటుందనీ వాదించాడు. 1962లో మారినర్-2 నౌక పంపిన సమాచారం ఆ గ్రహతలం వేడిని బలపరచింది. 1968లో ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేపట్టిన అనేక గ్రహయాత్రలలో పాలుపంచుకున్నాడు.

1976 జూలై 20న వైకింగ్-1 నౌక కుజగ్రహంపై దిగి అక్కడి నేలను ఫొటోలు తీసి పంపింది. మానవుడు మరొక లోకాన్ని అంత దగ్గరగా చూడడం గొప్ప విశేషం. అయినా పత్రికలు, ముఖ్యంగా టెలివిజన్ సంస్థలు, దానికి తగిన చోటు ఇవ్వలేదు. ఇది సేగన్‌ను బాధించింది. ప్రజల ధనంతో సాధించిన జ్ఞానం ప్రజలకు అందకపోతే ఎట్లా? చక్కగా చెబితే సామాన్యులు కూడా విజ్ఞానాన్ని ఆదరిస్తారని ఆయన నమ్మకం. వైకింగ్ యాత్రలో తన సహచరుడైన జెంట్రీ లీతో కలిసి ఒక నిర్మాణ సంస్థను స్థాపించాడు. ‘కాస్మాస్’ అనే టెలివిజన్ డాక్యుమెంటరీకి అది నాంది.

ఆ రోజులలోనే మరొక పని కూడా ఆయన చేతి మీదుగా జరిగింది. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలలో బంగారు పూత గల రికార్డులు అమర్చారు. వాటిలో భూలోకపు ధ్వనులు, సంగీతం, 55 భాషలలో శుభాకాంక్షలు ఉన్నాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఒరియా పలుకులు కూడా అందులో చేరాయి. ఆ రికార్డును రూపొందించిన బృందానికి సేగన్ నాయకుడు.

‘కాస్మాస్’ నిర్మాణానికి సుమారు మూడేళ్లు పట్టింది. సేగన్, ఆన్ డ్రూయన్, స్టీవెన్ సోటర్ కలిసి రచన చేశారు. విశ్వం వయస్సు ఎంతటిదో తెలపడానికి సేగన్ దానిని ఒక సంవత్సరపు క్యాలెండరుగా మార్చి చూపాడు. అందులో విశ్వం జనవరి 1న పుట్టింది. మానవుడు వ్రాసిపెట్టుకున్న చరిత్ర అంతా డిసెంబరు 31 అర్ధరాత్రికి ముందు కొద్ది సెకండ్లలోనే ఇమిడిపోయింది! ఒక భాగం కోసం ఆయన తమిళనాడుకు వచ్చి, కుంభకోణం సమీపాన దారాసురంలోని చోళుల కాలపు ఆలయంలో చిత్రీకరణ జరిపాడు. బ్రహ్మకు ఒక పగలు, ఒక రాత్రి కలిస్తే 864 కోట్ల సంవత్సరాలని పురాణాల లెక్క. ఇంతటి పెద్ద కాలాన్ని ఊహించిన ప్రాచీన భారతీయులను ఆయన ప్రశంసించాడు.

ఈజిప్టులోని ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి చిన్న నమూనా కట్టించి, తాను అందులో తిరుగుతున్నట్లు చూపాడు. అక్కడి పండితుల జ్ఞానం సామాన్య ప్రజలకు చేరలేదనీ, అందుకే అది నశించేటప్పుడు కాపాడేవారు లేకపోయారనీ ఆయన అభిప్రాయం. ‘కాస్మాస్’ తీయడంలోని పరమార్థం ఇదే.

1980 సెప్టెంబరు 28న ప్రసారం మొదలైంది. 13 భాగాలు గల ఈ చిత్రాన్ని 60కి పైగా దేశాలలో సుమారు 50 కోట్ల మంది చూశారని అంచనా. అదే పేరుతో వెలువడిన పుస్తకం కూడా విశేషంగా అమ్ముడుపోయింది. కాని కీర్తితోపాటు నింద కూడా వచ్చింది. శాస్త్రజ్ఞుడు కెమెరా ముందు నిలబడడమేమిటని తోటివారు కొందరు చిన్నచూపు చూశారు. 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనకు సభ్యత్వం నిరాకరించింది. సేగన్ తన బాట వీడలేదు. 1994లో అదే అకాడమీ, విజ్ఞానాన్ని ప్రజాహితానికి వినియోగించినందుకు ఆయనకు పతకం ఇచ్చి గౌరవించింది.

సేగన్ 1996 డిసెంబరు 20న తన 62వ ఏట మరణించాడు. మరుసటి సంవత్సరం కుజునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకకు ఆయన పేరు పెట్టారు. 1975లో నీల్ డిగ్రాస్ టైసన్ అనే 17 ఏళ్ల విద్యార్థిని సేగన్ కార్నెల్‌కు పిలిచి తన పరిశోధనశాల చూపించాడు. ఆ విద్యార్థి ఖగోళ శాస్త్రజ్ఞుడై, 2014లో ఆన్ డ్రూయన్ రూపొందించిన కొత్త ‘కాస్మాస్’కు వ్యాఖ్యాతగా నిలిచాడు.

దీపం నుండి దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపపు వెలుగు తరగదు. విద్య కూడా అటువంటిదే. ఈ సత్యాన్ని ఆచరించి చూపిన ధన్యజీవి కార్ల్ సేగన్.