ఆంధ్ర మహిళాసభ దుర్గాబాయమ్మగారు

ఢిల్లీ నగరమున కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగువారి కుటుంబములకు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాలలు సుపరిచితములు. ప్రసాద్ నగర్, పండారా రోడ్డు, జనక్‌పురి మొదలగు చోట్ల అవి వెలసినవి. ఆ సంస్థకు 1948లో పునాది వేసిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని రాజ్యాంగసభ సభ్యురాలిగను, ప్రణాళికా సంఘ సభ్యురాలిగను, చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారి సతీమణిగను స్మరించుట మనకు అలవాటు. కాని ఆ పదవులన్నిటికిని ముందు మద్రాసు మైలాపూరులో కొందరు స్త్రీలును బాలికలును చేరి నడపిన చిన్న సంఘ మొకటి యున్నది. తరువాతి పెద్ద పనులకు బీజములు అచ్చటనే పడినవి.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. బాల్యము కాకినాడలో గడచినది. తండ్రి పరోపకారపరాయణుడు, అంటువ్యాధులు వ్యాపించినపుడు ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనుచుండగా ఆయన రోగుల ఇండ్లకు వెళ్లి సేవచేయువాడు. ఆయన చిన్న వయసుననే గతించెను. సంపద మిగుల్చలేదు గాని కుమార్తెకు ఆ మార్గమును మిగిల్చి వెళ్లెను.

1921 ఏప్రిలులో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చిరి. అప్పటికి దుర్గాబాయికి పండ్రెండేండ్లైనను నిండలేదు. ఊరిలోని దేవదాసీ స్త్రీలకును, ఘోషాలోనుండు మహమ్మదీయ స్త్రీలకును గాంధీగారిని చూపవలెనని ఆ బాలిక సంకల్పించెను. నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధి సమకూర్చినచో ఐదు నిమిషముల కాలము ఇప్పింతుమనిరి. చిన్నపిల్ల వెనుదీయునని వారు తలచియుందురు. ఆమె ఆ మాటను దేవదాసీ స్త్రీలయొద్దకు తీసికొనిపోయెను. వారే ధనము సమకూర్చిరి. సభ జరిగినది. గాంధీగారు అనుకొన్న వ్యవధికి మించి అచ్చట నిలిచిరి. స్త్రీలు తమ నగలు తీసి ఆయనకు సమర్పించిరి. గౌరవకుటుంబముల వారు గడప తొక్కనీయని స్త్రీలు దేశమునకు దాతలైరి. దానము పుచ్చుకొనువారు, దానము చేయువారు అను రెండు జాతులు లోకమున లేవని ఆ బాలిక ఆనాడు చూచినదానిని పెద్దయైన పిమ్మట మరువలేదు.

ఇంగ్లీషు చదువును విడిచి, హిందీ నేర్చి, కాకినాడలోనే బాలికలకును స్త్రీలకును హిందీ పాఠశాల పెట్టిరి. 1923లో అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపిన కథ తెలుగువారిలో అనేకులకు తెలిసినదే. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొన్న పిదపనే ఆయన లోనికి వెళ్లిరి.

ఆనాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ ఏట ఆమెకు వివాహము చేసిరి. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె కాపురమునకు పోవుట కిష్టపడక, తన మార్గము వేరని భర్తకు తెలిపి, ఆయనను మరియొక వివాహము చేసికొనుమని కోరిరి. తండ్రిగాని సోదరుడుగాని ఆమెను బలవంతపెట్టలేదు. నేటికి ఇది స్వల్పముగా తోచవచ్చును. 1920 ప్రాంతమున తెలుగునాట ఒక యువతి ఇట్లు చేయుట ఎంతటి సాహసమో పెద్దలు ఎరుగుదురు. ఈ కథకు ఉత్తరభాగ మొకటి కలదు. అది తగినచోట వచ్చును.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె అరెస్టయిరి. 1933 వరకు మూడు పర్యాయములు కారాగారవాసము చేసిరి. మధుర జైలులో ఏకాంతవాసము మిక్కిలి కఠినమైనది. హత్యానేరములపై శిక్షపడిన స్త్రీలను ఆమె జైలులో సన్నిహితముగా చూచిరి. వారిలో కొందరికి తమపై మోపబడిన నేరమేమో, న్యాయస్థానమున తమకొరకు ఏమి చెప్పుకొనవలెనో తెలియదు. అక్షరము రాదు, వకీలు లేడు. జెండా పట్టుకొని జైలుకు వచ్చినవారు తిరిగి వెళ్లి సన్మానములు పొందెదరు. ఈ స్త్రీలకు దిక్కెవరు? ఈ చింతతోనే ఆమె బయటికి వచ్చి న్యాయశాస్త్రము చదువవలెనని నిశ్చయించిరి.

ఇచ్చట చిక్కు వచ్చినది. న్యాయశాస్త్రమునకు పట్టభద్రత కావలెను. పట్టభద్రతకు మెట్రిక్యులేషను కావలెను. బాల్యముననే బడి విడిచిన స్త్రీ ఇరువదియేండ్లు దాటినపిమ్మట ఏ తరగతిలో పోయి కూర్చుండగలదు? బడిలోని పసిపిల్లలతో కూర్చుండుట అసాధ్యము. వేరు దారి లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయము ప్రైవేటుగా చదివిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు అనుమతించుచుండుటచే ఆమె ఆ ద్వారమున ప్రవేశించిరి. అటుపిమ్మట వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఎ. చదువబోగా, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సంశయించిరి. ఆమె పత్రికలో ప్రకటన వేసి, తనవలె చదువగోరు యువతులను కూడగట్టి, తామే ఒక వసతిగృహమును ఏర్పరచుకొనిరి. పిమ్మట మద్రాసులో న్యాయశాస్త్రము ముగించి 1942లో న్యాయవాదిగా నమోదైరి.

ఈ చదువు సాగుచుండగనే సంఘము పుట్టినది. మైలాపూరులో ఆమె ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు బాలికలు చేరుచుండిరి. వారికి హిందీ, పాటలు, ఆటలు నేర్పుచుండిరి. ఆ బాలికాసంఘమునకు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని ముద్దుపేరు. పిల్లలవెంట తల్లులు వచ్చిరి. తల్లులతోపాటు ఏ ఆధారమును లేని వితంతువులు, భర్తలు విడిచినవారు వచ్చిరి. 1937లో ఇది ఆంధ్ర మహిళాసభగా రూపొందినది. మద్రాసులో తెలుగువారికి సభలు కొదువలేదు; వార్షికోత్సవము, ఉపన్యాసము, ఫలాహారములతో తృప్తిపడునవి అనేకము. ఈ సభ పని వేరు. వచ్చిన స్త్రీకి ఒక పూట అన్నము పెట్టి, చీర ఇచ్చి పంపుటతో ధర్మము తీరదని దుర్గాబాయమ్మగారి అభిప్రాయము. ఆమెకు చదువు రావలెను, లేదా చేతిపని రావలెను. మరునాడు తన కాళ్లపై నిలువవలెను. వీలైనచో మరియొకతెకు నేర్పవలెను.

తాను ఏ ద్వారమున ప్రవేశించిరో ఆ ద్వారమునే ఆమె ఇతరులకు తెరచిరి. బడి మానిన వయోజన స్త్రీలకు సభలో తరగతులు పెట్టి, కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధపరచసాగిరి. ఏండ్ల తరబడి సాగు పాఠ్యక్రమమును కొద్దికాలములో ముగించుట సాధ్యమా యని శంకించినవారు లేకపోలేదు. పసిపిల్లకు సంవత్సరములు పట్టు విషయమును, సంసారము చూచి, కష్టము రుచి ఎరిగి, చదువు తప్ప గతిలేదని వచ్చిన స్త్రీ నెలలలో గ్రహింపగలదు. దుర్గాబాయమ్మగారికి ఇది పుస్తకములో చదివిన సిద్ధాంతము కాదు, స్వానుభవము. తరగతులకు తోడు వసతిగృహము, కుట్టుపని, చేతిపనుల శిక్షణము ఏర్పడినవి. సభ పక్షమున ఆంధ్ర మహిళ అను పత్రిక వెలువడినది. దానికి ఆమెయే సంపాదకురాలు. కాలక్రమమున ప్రసూతివైద్యము, నర్సుల శిక్షణము చేరినవి. అడయారులో పోలియో సోకిన బిడ్డలకు చికిత్సాకేంద్రము వెలసినది. డబ్బు సమకూర్చుటకు ఆమె ఎక్కని గడప లేదు. అడిగినది తనకొరకు కాదు గనుక అడుగుటకు సిగ్గుపడలేదు.

ముందు చెప్పిన ఉత్తరభాగ మిది. ఆమె మొదటి భర్త మరియొకరిని వివాహము చేసికొని 1941లో మరణించెను. ఆయన భార్య దిక్కులేనిదైనది. ఆ వితంతువును దుర్గాబాయమ్మగారు ఆంధ్ర మహిళాసభకు తీసికొనివచ్చి వృత్తివిద్య నేర్పించిరి. ఆమె తరువాత హైదరాబాదులో చేతిపనుల ఉపాధ్యాయినియై స్వతంత్రముగా జీవించెను.

1946లో రాజ్యాంగసభకు ఎన్నికై దుర్గాబాయమ్మగారు ఢిల్లీకి వచ్చిరి. అచ్చటి అధ్యక్షుల పట్టికలో ఆమె యొక్కరే స్త్రీ. ఎగువసభ సభ్యత్వమునకు కనీస వయస్సును ముప్పదియైదు నుండి ముప్పదికి తగ్గించిన సవరణ ఆమెది. మద్రాసులో సభ నడుచుచునే యున్నది. ఢిల్లీలో తెలుగు ఉద్యోగుల పిల్లలకు మాతృభాష దూరమగుచున్నదని గ్రహించి 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిరి. సంఘము చిన్నదైనను ఊరికొకటి ఉండవలెనను పట్టుదల ఆమెది.

1952 ఎన్నికలలో రాజమండ్రి నుండి ఆమె ఓడిపోయిరి. ప్రజాసేవకు ఓట్లు రాలవలెనను నియమము లేదు. నెహ్రూగారు ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా తీసికొనిరి. అచ్చట ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పరిచయము పెరిగి, 1953 జనవరి 22న వారి వివాహము జరిగెను. నెహ్రూగారు సాక్షులలో నొకరు.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛందసంస్థల సహాయమునకు నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఆ ధనమును ఎవరు పంచవలెను? సచివాలయమే పంచినచో, దరఖాస్తు, విచారణ, అభ్యంతరము, సమాధానము అను మెట్లెక్కి ఒక చిన్న ఊరి మహిళాసంఘము ఎన్నటికి పైకి చేరునో కార్యాలయముల వ్యవహార మెరిగిన పాఠకులకు వివరింపనక్కరలేదు. స్వయముగా సంఘము నడపి, చందాపుస్తకము చేతబట్టి తిరిగినవారే ఆ సంఘముల అవసర మెరుగుదురని దుర్గాబాయమ్మగారు వాదించిరి. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడెను, ఆమె ప్రథమాధ్యక్షురాలు. మరుసటి సంవత్సరము రాష్ట్రముల బోర్డులును, సుమారు ఇరువదియైదు గ్రామముల కొక్కటి చొప్పున గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకములును ఆరంభమైనవి. సర్కారు సొమ్మునకు అలవాటుపడినచో సంఘములు చందా అడుగుట మాని గ్రాంటుకై ఎదురుచూచు దుస్థితి వచ్చునని కొందరు భయపడిరి. ఆ భయము పూర్తిగా నిరాధారమని అనలేము. అట్టి సంఘములును పుట్టినవి. ఐనను, ఎన్నడును ఎవరును పలుకరింపని అనాథాశ్రమములు, శిశువిహారములు ఆ సహాయముతో నిలిచినమాట వాస్తవము.

గ్రామములలో పనికి దిగగనే పాత చిక్కే మరల ఎదురైనది. గ్రామసేవికలు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలెను. చదివిన స్త్రీలు పల్లెలకు రారు, పల్లెలలో నున్న స్త్రీలకు చదువు లేదు. దుర్గాబాయమ్మగారికి మైలాపూరు తరగతి గుర్తుకు వచ్చియుండును. కొంత చదివి మానివేసిన వయోజన స్త్రీలకు సుమారు రెండేండ్లలో పరీక్షకు అర్హత కలిగించు సంక్షిప్త విద్యాక్రమమును బోర్డు 1958లో ప్రారంభించినది. స్వచ్ఛందసంస్థలు తరగతులు నడపుటయు, బోర్డు ధనసహాయము చేయుటయు దాని పద్ధతి. పొరుగింటి వితంతువుకై పుట్టిన ఉపాయము దేశమంతటికిని పథకమైనది. అదే సంవత్సరము స్త్రీవిద్యపై జాతీయసంఘమునకును ఆమె అధ్యక్షురాలై 1959లో నివేదిక సమర్పించిరి.

1962లో బోర్డు అధ్యక్షత విడిచి, అదే సంవత్సరము ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని నెలకొల్పిరి. ఆంధ్ర మహిళాసభ హైదరాబాదులోను వేళ్లూనినది. కళాశాల, వైద్యశాల, అక్షరాస్యతా కేంద్రము వెలసినవి. 1975లో దంపతులిద్దరికిని పద్మవిభూషణ బిరుదము లభించెను. జీవితపు చివరి సంవత్సరములలో ఆమె సభ చరిత్రను ఇంగ్లీషున వ్రాసిరి. దానికి మాటలాడు రాయి అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. 1981 మే 9న ఆమె కాలధర్మము చెందిరి. దేశ్‌ముఖ్ గారు మరుసటి సంవత్సరము అక్టోబరు 2న హైదరాబాదులో గతించిరి.