లంచాలను బయటపెట్టిన పంతులు గారు

నేను చాండ్లర్‌లో ఉంటూ, దగ్గర్లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు చూస్తుంటాను. ఆఫీసులో మోసాన్ని ఎలా గుర్తించాలి, ఎలా ఆపాలి అని మాకు ఈమధ్య ఒక ట్రైనింగ్ జరిగింది. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు కందుకూరి వీరేశలింగం పంతులు గారే గుర్తుకొచ్చారు. ఆయన జరిపించిన వితంతు వివాహాల గురించి మనందరం చదువుకున్నాం. ప్రభుత్వోద్యోగుల లంచగొండితనం మీద ఆయన చేసిన పోరాటం మాత్రం మనలో చాలామందికి తెలియదు.

పంతులు గారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోతే, పెదతండ్రి అండన పెరిగారు. చదువయ్యాక సర్కారు కొలువులో చేరదామంటే లంచాలు, వకీలు అవుదామంటే అబద్ధాలు తప్పవనిపించి, రెండూ కాదనుకుని బడిపంతులయ్యారు. 1874లో ధవళేశ్వరంలో పనిచేస్తూ 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. కోర్టుల్లో, కచేరీల్లో జరిగే అక్రమాలను అందులో బయటపెట్టారు. 1880లో 'వ్యవహార ధర్మబోధిని' అనే ప్రహసనం రాశారు. కక్షిదారుల సొమ్ము ఎవరెవరి చేతుల్లోకి ఎలా జారిపోతుందో అందరికీ అర్థమయ్యే వాడుక మాటల్లో చూపించారు. మోసం జరిగే తీరు జనానికి తెలిస్తే సగం పని అయినట్టేనని ఆయనకు తెలుసు.

మా ట్రైనింగ్‌లో చెప్పిందీ అదే. బిల్లు ఆమోదించేవారు, చెక్కు రాసేవారు ఒక్కరే కాకూడదు. ఏళ్ళ తరబడి సెలవు పెట్టకుండా, తన ఫైళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వని ఉద్యోగి ఉంటే కాస్త గమనించాలి. అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్స్ 2024 నివేదిక ప్రకారం, వాళ్ళు పరిశీలించిన కేసుల్లో 43 శాతం ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే బయటపడ్డాయి. అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా ఆ సంస్థల ఉద్యోగులే.

ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం, వేరే ఆఫీసులో ఉన్నప్పుడు, ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్ళడం నా కంటపడింది. అప్పటికి గ్రీన్‌కార్డు రాలేదు. ఉద్యోగం పోతే ఇల్లు, పిల్లల చదువు ఏమవుతాయోనన్న భయంతో రెండు వారాలు నోరు మెదపలేదు. చివరికి కాగితాలన్నీ పట్టుకెళ్ళి చెప్పాను. ఆ రెండు వారాల మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంటుంది.

పంతులు గారికీ సంసారం ఉంది, జీతం మీదే బతుకు. అయినా ఊళ్ళో పెద్దమనుషుల పగకు వెరవలేదు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించాక ఆ పగ ఇంకా పెరిగింది. ఇతరులను లెక్క అడిగిన ఆ మనిషి, చివరికి తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు.

ఆయనకు లేని అండ మనకుంది. ప్రభుత్వ సొమ్ము దుర్వినియోగాన్ని తగిన అధికారులకు తెలియజేసిన ప్రభుత్వోద్యోగిపై కక్ష సాధించకూడదని అరిజోనా చట్టం చెబుతోంది. మీలో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవారికి నా మనవి ఒక్కటే. ఏదైనా తేడాగా కనిపిస్తే తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఊహలు కలపకుండా, చూసింది చూసినట్టు ఆడిట్ వారికి చెప్పండి. నాలాగా రెండు వారాలు ఆగకండి.