పిలిచినవారికల్లా అమ్మ

దక్షిణేశ్వర కాళికాలయ ప్రాంగణంలో, గంగాతీరాన, సన్నాయి నగారాలు మోగించేందుకు కట్టిన చిన్న మంటపం ఒకటి ఉంది. దానిని నహబత్ అంటారు. కింది అంతస్తులో ఎనిమిది పలకల గది. నేల వైశాల్యం 50 చదరపు అడుగులకు మించదు. ద్వారబంధం ఎంత పొట్టిదంటే, అలవాటు పడేవరకు లోపలికి వెళ్ళే ప్రతిసారీ నుదురు తగిలేది. బియ్యం, పప్పులు, వంటపాత్రలు, పైకప్పు నుంచి వేలాడే ఉట్లు, పొయ్యి, పడక అన్నీ అక్కడే. శ్రీరామకృష్ణ పరమహంస ధర్మపత్ని శారదాదేవి 1872 మొదలు 1885 వరకు, మధ్యమధ్య పుట్టింటికి వెళ్ళివచ్చిన కాలం పోను, అత్యధిక భాగం ఆ ఇరుకులోనే గడిపారు. తెల్లవారుజామున మూడు గంటలకు ముందే గంగాస్నానం ముగించి లోనికి చేరితే, ఆ ఆలయానికి నిత్యం వచ్చిపోయేవారిలో చాలామందికి ఆమె ఉనికే తెలిసేది కాదు.

అలా ఎవరికంటా పడకుండా మెలగిన ఆ గృహిణిని తరువాతి రోజులలో సన్న్యాసులు, సంసారులు, విదేశీ వనితలు, ఊరి దొంగలు సైతం అమ్మా అని పిలిచారు. ఆ బంధాలు ఒక్క రోజులో ఏర్పడినవి కావు. ఒక్కొక్కటి ఆమె ఓర్పుతో నిలుపుకొన్నది.

శారదాదేవి 1853 డిసెంబరు 22న వంగదేశంలోని బాంకుడా జిల్లా జయరామవాటి గ్రామంలో జన్మించారు. తండ్రి రామచంద్ర ముఖోపాధ్యాయులు, తల్లి శ్యామసుందరీదేవి. పేద బ్రాహ్మణ కుటుంబం. 1864లో కరవు వచ్చినప్పుడు ఆ తండ్రి తన గాదె తెరిచి, కిచిడీ వండించి ఆకలిగొన్నవారికి పెట్టాడు. వేడివేడి అన్నం చల్లారేవరకు ఆగలేని వారికోసం పదేళ్ళ శారద రెండు చేతులా విసనకర్ర పట్టి విసిరేవారట. అప్పటికే ఆమెకు వివాహమై ఐదేళ్ళు. 1859లో, ఐదేళ్ళ ప్రాయంలో, ఇరవై మూడేళ్ళ శ్రీరామకృష్ణులతో పెళ్ళి జరిగింది. ఆనాటి ఆచారమది.

పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో కామారపుకూరులో భర్త సన్నిధిలో కొన్ని నెలలు గడిపే అవకాశం కలిగింది. దీపం వత్తి ఎగదోయడం మొదలు పడవ ఎక్కేటప్పుడు ఎలా నడుచుకోవాలో వరకు, భగవచ్చింతన ఎలా చేయాలో వరకు ఆయన ఆమెకు నేర్పారు. పిమ్మట ఆయన దక్షిణేశ్వరం వెళ్ళిపోయారు. పిచ్చివాడైపోయాడన్న వదంతి జయరామవాటికి చేరింది. ఇరుగుపొరుగు స్త్రీలు జాలిచూపులు చూడసాగారు. విన్నదానిని నమ్మి కుమిలిపోవడం కంటె వెళ్ళి కళ్ళారా చూడడం మేలని ఆమె నిశ్చయించుకొన్నారు. 1872 మార్చిలో తండ్రి వెంట సుమారు 60 మైళ్ళ దూరం కాలినడకన బయలుదేరారు. దారిలో తీవ్రజ్వరం. ఎట్టకేలకు రాత్రివేళ దక్షిణేశ్వరం చేరేసరికి భర్త పిచ్చివాడు కాడని, తనకోసం పడక వేయించి వైద్యం చేయించే దయామయుడని తెలిసింది.

సంసారంలోకి తనను దించడానికి వచ్చిందా అని పరమహంస ఆమెను సూటిగానే అడిగారు. ఆయన మార్గానికి తోడుగా నిలవడానికే వచ్చానని ఆమె అంతే సూటిగా చెప్పారు. ఫలహారిణీ కాళీపూజ రాత్రి ఆయన ఆమెను పీఠంపై కూర్చుండబెట్టి షోడశీదేవిగా అర్చించి, తన సాధనల ఫలమంతా ఆమె పాదాలకు సమర్పించారు. ఈ ఘట్టం అందరికీ తెలిసినదే. కాని ఆ దాంపత్యం ఎంత సున్నితమైనదో తెలియాలంటే అంతకంటె చిన్న సంఘటన ఒకటి చూడాలి.

ఒక సాయంత్రం ఆమె భోజనం తెచ్చి ఆయన గదిలో పెట్టి తిరిగి వెళుతున్నారు. మేనకోడలి వంటి లక్ష్మి, అనగా అన్నగారి కుమార్తె, వచ్చి వెళుతోందనుకొని పరమహంస తలుపు వేసి వెళ్ళమని ఏకవచనంలో అన్నారు. వంగభాషలో చిన్నవారిని, మరీ చనువున్నవారిని సంబోధించే మాట అది. వచ్చినది శారదాదేవి అని తెలియగానే నొచ్చుకొన్నారు. అది ఏమంత పెద్ద విషయం కాదని ఆమె అన్నా ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే నహబత్‌కు నడిచివచ్చి మరీ క్షమాపణ చెప్పుకొన్నారు. జీవితకాలంలో ఆయన తననెన్నడూ పరుషంగా పలకరించలేదని శారదామాత తరువాత ఎందరికో మురిపెంగా చెప్పుకొనేవారు. భార్యను ఎలా పిలిచినా చెల్లిపోయే ఆ కాలంలో ఒక్క సర్వనామం కోసం నిద్ర మానుకొన్న భర్త ఆయన.

గౌరవం ఒకవైపు నుంచే సాగలేదు. లక్ష్మీనారాయణ అనే మార్వాడీ భక్తుడు 10,000 రూపాయలు ఇవ్వజూపగా పరమహంస తిరస్కరించారు. ఆ సొమ్ము ఆమె పేర ఉంచవచ్చునేమోనని ఆమెను అడిగించారు. తాను తీసుకొంటే అది ఆయన సేవకే ఖర్చవుతుంది కనుక ఆయన తీసుకొన్నట్టే అవుతుందని ఆమె వద్దన్నారు. ఉన్నదంతా చాలీచాలని కాపురం. అలాగని ప్రతిదానికీ తలూపే స్వభావమూ కాదు. ఒకనాడు ఆయన భోజనపు పళ్ళెం చేతికందుకొన్న స్త్రీ నడవడి మంచిది కాదని పరమహంస అభ్యంతరం చెప్పి, ఇకమీదట అలా ఇతరులకు ఇవ్వనని మాట ఇమ్మన్నారు. అమ్మా అని పిలిచి అడిగినవారిని కాదనడం తనవల్ల కాదని ఆమె చేతులు జోడించి విన్నవించుకొన్నారు. ఆయన సంతోషించారే కాని కినుక వహించలేదు.

ఆ పళ్ళెం తెచ్చిన చిక్కు మరొకటి ఉంది. భర్తను చూసేందుకు రోజుమొత్తంలో ఆమెకు దక్కిన అవకాశం భోజనం వడ్డించే వేళే. కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నా కొన్నిసార్లు రెండేసి నెలలు ఆయన దర్శనం కాలేదట. వరండా చుట్టూ కట్టిన వెదురుతడక రంధ్రంలోంచి కీర్తనలు చూస్తూ గంటలకొద్దీ నిలబడి కాళ్ళకు వాతం తెచ్చుకొన్నారు. అటువంటి స్థితిలో, కూతుర్ని పోగొట్టుకొని పుట్టెడు దుఃఖంతో వచ్చిన గోలాప్ అనే బ్రాహ్మణ వితంతువు ఆ పళ్ళెం తానే తీసుకువెళ్ళడం మొదలుపెట్టింది. భక్తి మెండు, లోకజ్ఞానం తక్కువ. శారదామాత నోరు మెదపలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. 1885లో కంఠవ్యాధి చికిత్సకోసం పరమహంసను కలకత్తా తరలించినప్పుడు, ఆయన ఆమెపై అలిగి వెళ్ళిపోయారేమోనని గోలాప్ ఒకరితో అనేసింది. ఆ మాట చెవిన పడగానే అమ్మ కన్నీళ్ళతో కలకత్తా వెళ్ళి భర్తనే అడిగారు. అందులో నిజం లేదని ఆయన ఓదార్చి పంపి, గోలాప్‌ను మందలించారు. ఆమె పశ్చాత్తాపంతో దక్షిణేశ్వరం దాకా నడిచివచ్చి క్షమించమని వేడుకొంది. అమ్మ ఒక్క మాట అనలేదు. నవ్వి, పేరు పెట్టి పిలిచి, వీపు మీద చేత్తో మూడుసార్లు తట్టారు. ఆ తట్టుతో దుఃఖమంతా పోయిందని గోలాప్ తరువాత చెప్పుకొంది. ఆ గోలాప్‌మాయే యోగీన్‌మాతో పాటు అమ్మకు జీవితాంతం నీడలా నిలిచింది. ముక్కుసూటి మాట మాత్రం చివరివరకూ మానలేదు!

అమ్మకు అపరిచితులు లేరనడానికి తేలోభేలో మైదానపు ఉదంతం నిదర్శనం. దొంగల భయమున్న ఆ బయలు గుండా దక్షిణేశ్వరానికి నడుస్తూ తోటివారికంటె వెనకబడ్డారు. చీకటి పడింది. చేత కర్రతో భీకరాకారుడైన బాగ్దీ కులస్థుడొకడు ఎదురయ్యాడు. ఆమె భయపడి పరుగెత్తలేదు. తండ్రీ అని పిలిచి, దారి తప్పానని, అల్లుడు దక్షిణేశ్వరంలో ఉన్నాడని చెప్పారు. వెనకనే వచ్చిన అతని భార్య చేయి పట్టుకొన్నారు. ఆ దంపతులు ఆమెను ఒక చిన్న దుకాణంలో పడుకోబెట్టి రాత్రంతా కాపలా కాశారు. తెల్లవారి దారిలో ఆ తల్లి పొలంలోని పచ్చిబఠాణీలు కోసి ఆమె కొంగున కట్టింది. విడిపోతూ ముగ్గురూ ఏడ్చారు. తరువాత వారు దక్షిణేశ్వరం వచ్చినప్పుడు పరమహంస అల్లుడి వలెనే మర్యాద చేశారు.

1886 ఆగస్టు 16న పరమహంస మహాసమాధి చెందారు. ఆమె వయసు 32. బృందావన యాత్ర ముగించుకొని కామారపుకూరు చేరిన తరువాతి రోజులు కడు దుర్భరమైనవి. దక్షిణేశ్వరం నుంచి వచ్చే నెలకు ఏడు రూపాయల భృతి ఆగిపోయింది. పెరట్లో తానే పాదుచేసిన ఆకుకూరతో, ఉప్పు కూడా లేకుండా అన్నం తిన్న రోజులున్నాయి. చేతి గాజులు తీయలేదని, చీరకు సన్నని ఎర్రంచు ఉంచుకొన్నారని ఊరు ఆడిపోసుకొంది. లాహా కుటుంబానికి చెందిన ప్రసన్నమయి ఒక్కతె అండగా నిలిచింది. శిష్యులెవ్వరికీ ఆమె కబురు చేయలేదు. సంగతి తెలిశాక వారే నొచ్చుకొని కలకత్తాకు పిలిపించుకొన్నారు. 1893లో అమెరికా ప్రయాణానికి ముందు వివేకానందులు ఆమె ఆశీస్సు కోరి ఉత్తరం రాశారు.

1898 మార్చి 17న సోదరి నివేదిత, సారా బుల్, జోసెఫిన్ మెక్లౌడ్ ఆమెను దర్శించారు. ఛాందసాచారాల నడుమ పెరిగిన ఆ బ్రాహ్మణ వితంతువు పాశ్చాత్య స్త్రీలతో కలిసి ఫలహారం తీసుకొన్నారు. నివేదితను చిట్టితల్లీ అన్నట్టు ఖుకీ అని పిలిచేవారు. ఆ ఏడాది నవంబరులో నివేదిత బాలికల పాఠశాల ఆరంభమైనప్పుడు పూజ చేసినదీ ఆమెయే. ఉన్నితో అల్లిన చిన్న విసనకర్ర ఇస్తే నివేదిత దానిని తలకు ఆనించుకొని మురిసిపోయింది. 1911 అక్టోబరులో నివేదిత కన్నుమూసిన తరువాత, ఆమె ఇచ్చిన ఒక పాత దుప్పటి చిరిగిపోయినా, పురుగు పట్టకుండా మడతల్లో నల్లజీలకర్ర చల్లి అమ్మ దాచుకొన్నారు. పారేయమని ఎవరన్నా వినలేదు.

అదే 1911లో దక్షిణాది యాత్ర. మద్రాసు, మదురై, రామేశ్వరం, బెంగుళూరు. భాష రాకపోయినా ఎందరికో మంత్రదీక్ష ఇచ్చారు. బెంగుళూరులో జనం నిశ్శబ్దంగా ఆమె ఎదుట కూర్చుండిపోయారు. తిరుగు ప్రయాణంలో రాజమహేంద్రవరంలో దిగి గోదావరీ స్నానం చేశారన్నది తెలుగువారికి ప్రీతిపాత్రమైన విషయం.

ఆ యాత్రలో వెంట ఉన్న బాలిక రాధు. అమ్మ చిన్న తమ్ముడు అభయ్ 1899లో మరణించగా 1900లో పుట్టిన పిల్ల. తల్లి సురబాలకు మతి చలించింది. పసిబిడ్డ దిక్కులేక నేలమీద పాకుతుంటే చూసి అమ్మ ఎత్తుకొన్నారు. ఆ ఎత్తుకోవడం ఇరవై ఏళ్ళ బంధమైంది. రామేశ్వరంలో రామనాథపురం రాజావారి ఖజానా తెరిచి కావలసినది తీసుకోమంటే పెన్సిలు చాలన్న రాధు, పెరిగి పెద్దదై రోగిష్ఠిగా, మొండిగా, నల్లమందుకు అలవాటు పడినదిగా మారింది. సురబాల రోజూ శాపనార్థాలు పెట్టేది. తమ్ముళ్ళు పొలం గట్ల కోసం, డబ్బుకోసం తగవులాడేవారు. అమ్మ వంట చేస్తూ, దీక్షలు ఇస్తూ వీటన్నిటి మధ్య ఉండేవారు. ఒకనాడు రాధు కోపంతో విసిరిన పెద్ద వంకాయ వీపున తగిలి వాచిపోయింది. అమ్మ నొప్పితో వంగి, రాధు అజ్ఞానాన్ని మన్నించమని ముందు దైవాన్ని ప్రార్థించి, తన పాదధూళి తీసి ఆమె తలకు రాశారు. తన్ను బాధించినందుకు ఆ పిల్లకు కీడు కలుగుతుందేమోనన్నదే ఆమె బెంగ.

జయరామవాటిలో 1915-16లో ఆమెకు ఇల్లు కట్టేటప్పుడు పనికి వచ్చినవారిలో అమ్జద్ ఒకడు. పట్టుపరిశ్రమ దెబ్బతిని దొంగతనాలకు దిగిన ముస్లిం కుటుంబాల వాడు. మేనకోడలు నళిని దూరంనుంచి విసిరినట్టు వడ్డిస్తుంటే అమ్మ ఆమె చేతిలోది తీసుకొని తానే కొసరి కొసరి వడ్డించారు. భోజనమయ్యాక ఎంగిలి విస్తరి తీసి ఆ చోటు తుడిచినదీ ఆమెయే. కులం పోయిందని నళిని గగ్గోలు పెట్టింది. తన ఇంటి బరువంతా మోసే స్వామి శారదానందుడు ఎంత కొడుకో అమ్జద్ కూడా అంతే కొడుకని అమ్మ తేల్చేశారు. అప్పు చేసి కలకత్తా బాగ్‌బజారులో ఆమెకు ఇల్లు కట్టించి, ద్వారపాలకుణ్ణని చెప్పుకొన్న శారదానందుల పక్కన ఒక దొంగను కూర్చోబెట్టడం విని స్వామి నొచ్చుకొన్న దాఖలా లేదు. అమ్జద్ తరువాత కూడా దొంగతనం పూర్తిగా మానలేదు. అమ్మ తలుపు అతనికి మూసుకుపోనూ లేదు.

1920 ఫిబ్రవరిలో తీవ్ర జ్వరంతో ఆమెను కలకత్తా చేర్చారు. అది కాలా అజార్. నెలలు గడిచేకొద్దీ బలం తగ్గింది. అప్పుడే చుట్టూ ఉన్నవారిని కలవరపరచిన మార్పు కనిపించింది. ఎవరికోసం ఇన్నేళ్ళు ఇల్లు, ఊరు, నిద్ర మానుకొన్నారో ఆ రాధును జయరామవాటి వెళ్ళిపొమ్మన్నారు. రాధు పసికొడుకు పాకుతూ మంచం దగ్గరికి వస్తే ఎత్తుకొని తీసుకుపొమ్మన్నారు. మనసు తీసేసుకొన్నానని, ఇక ఎవరూ బలవంతపెట్టవద్దని చెప్పారు. ఈ సంగతి యోగీన్‌మా చెప్పగా విన్న శారదానందులు, ఇక అమ్మను నిలుపుకోలేమని గ్రహించారు. తనను భూమికి కట్టి ఉంచడానికి రాధు అనే తాడు చాలుతుందని ఆమె ఒకప్పుడు చెప్పిన మాట వారికి గుర్తే.

1920 జూలై 20 అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు బాగ్‌బజారు ఇంట్లో ఆమె తుదిశ్వాస విడిచారు. మరునాడు బేలూరు మఠంలో, గంగ ఒడ్డున, అంత్యక్రియలు జరిగాయి. ఆ చోటనే 1921 డిసెంబరు 21న ఆలయం ప్రతిష్ఠితమైంది. గంగ అంటే ఆమెకు ప్రాణం కనుక, ఆ గుడి ముఖం నదివైపుకే తిప్పి కట్టారు.