జేమ్సు వాట్టు

స్కాట్లండు దేశమున క్లైడు నదీముఖమున గ్రీనాకు అను రేవుపట్టణము కలదు. జేమ్సు వాట్టు 1736వ సంవత్సరము జనవరి 19వ తేదీన అచట జన్మించెను. అతని తాత గణితోపాధ్యాయుడు. తండ్రి ఓడలకు కావలసిన సామగ్రిని అమ్ముచు, నావికులు వాడు పరికరములను బాగుచేయించుచు జీవించుచుండెను.

వాట్టు పుట్టుకతోనే బలహీనుడు. అతని తోబుట్టువులలో కొందరు పసితనముననే మరణించిరి. అందుచే తల్లిదండ్రులు ఈ బాలుని కంటికి రెప్పవలె కాపాడుచుండిరి. తరచుగా వచ్చు తలనొప్పిచే అతడు బడికి క్రమముగా పోజాలకుండెను. తల్లి ఇంటివద్దనే చదువుట నేర్పెను; తండ్రి వ్రాతయు లెక్కలును నేర్పెను. బడిలో చేరిన పిదప తోడి బాలురు అతనిని మందబుద్ధి యని ఎగతాళి చేసిరి.

కాని ఆ బాలునికి చేతిపనియందు గల ఆసక్తిని తండ్రి గుర్తించెను. తన కార్యశాలలో అతనికి ఒక చిన్న బల్లను, చిన్న పనిముట్లను, ఒక చిన్న కొలిమిని ఏర్పాటు చేసెను. వాట్టు అచట పెద్ద పనివారి నడుమ కూర్చుండి, రేవులో బరువులెత్తు యంత్రమునకును, ఇతర యంత్రములకును నమూనాలను చేయుచుండెను. బడిలో మందుడనిపించుకొన్న బాలుని నేర్పునకు కార్యశాలలోని పనివారు అబ్బురపడిరి.

వాట్టు పదునేడేండ్ల వాడై యుండగా, 1753లో తల్లి మరణించెను. తండ్రి వ్యాపారమును దెబ్బతినెను. శాస్త్రపరికరములు చేయు విద్యను నేర్వగోరి, వాట్టు 1755లో లండను నగరమునకు పోయెను. అచట అరకొర తిండితో రాత్రింబవళ్లు శ్రమించి, ఒక్క యేడాదిలో ఆ పని నేర్చి తిరిగివచ్చెను. 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు తమ ఆవరణములోనే అతనికి ఒక కార్యశాల నొసగిరి.

కెటిలు మూతను ఆవిరి ఎత్తుట చూచి బాలుడైన వాట్టు ఆవిరియంత్రమును కనిపెట్టెనని ఒక కథ ప్రచారములో నున్నది. నిజమునకు, గనులలోని నీటిని తోడు ఆవిరియంత్రమును న్యూకోమెను అను నతడు వాట్టు జననమునకు ముందే, 1712 నాటికే నిర్మించి యుండెను. ఆ యంత్రమునకు చేసిన చిన్న నమూనా యొకటి విశ్వవిద్యాలయమున నుండెను. లండనులోని నిపుణునికి పంపినను అది బాగుపడలేదు. 1763లో అది వాట్టు చేతికి వచ్చెను.

వాట్టు దానిని సరిచేసి నడిపెను. అది నాలుగైదు మారులు కదలి, ఆవిరి చాలక ఆగిపోయెను. మరియొక డైనచో మరమ్మతు ముగిసినదని నమూనాను తిరిగి యిచ్చియుండును. వాట్టు అట్లు చేయలేదు. ఇంత ఆవిరి ఏమగుచున్నదని పరిశోధింపసాగెను. ఆ యంత్రమున సిలిండరును ఆవిరితో నింపి, పిదప అందులోనే చన్నీరు చిమ్ముదురు. ఆవిరి నీరై లోపల శూన్యమేర్పడగా, బయటి గాలి ఒత్తిడి పిస్టనును క్రిందికి నెట్టును. కాని ఆ చన్నీటిచే సిలిండరును చల్లబడును. మరల వచ్చిన ఆవిరిలో అధికభాగము దానిని వేడిచేయుటకే వ్యయమగుచుండెను.

రెండేండ్లు ఈ చిక్కు అతనిని వేధించెను. 1765లో ఒక ఆదివారము గ్లాస్గో పచ్చికబయలున నడచుచుండగా అతనికి ఉపాయము తోచెను. ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్ర నమర్చినచో సిలిండరు ఎల్లప్పుడును వేడిగనే యుండును! వెంటనే అతడు ఒక చిన్న నమూనా చేసి పరీక్షించెను; అది పనిచేసెను.

నమూనాను పెద్ద యంత్రముగా మార్చుట సులభము కాలేదు. సిలిండరును గాలి చొరకుండ నున్నగా చేయగల పనివారు దొరకలేదు. అప్పులు పెరిగెను. వాట్టు భూములు కొలుచు ఉద్యోగముచే కుటుంబమును పోషించుకొనవలసి వచ్చెను. 1775లో మాథ్యూ బౌల్టను భాగస్వామి యయ్యెను. మరుసటి యేడు వారి యంత్రములు పనిలోనికి దిగెను. పాత యంత్రములతో పోల్చగా అవి నాలుగింట మూడువంతుల బొగ్గును ఆదాచేసెను. నేడు విద్యుద్దీపములపై కనబడు శక్తిప్రమాణమునకు వాట్టు పేరే పెట్టబడినది.

వృద్ధుడైన పిదప వాట్టు తన యింటి పైయటుకలో ఒక కార్యశాలను ఏర్పరచుకొని, శిల్పములకు ప్రతులు చేయు యంత్రములను నిర్మించుచుండెను. అతని కుమారుడు గ్రెగరీ 1804లో చిన్న వయసుననే మరణించెను. ఆ కుమారుని బడి పుస్తకములును, వ్రాతపనులును గల పెట్టె ఆ గదిలోనే పనిముట్ల నడుమ నుండెను. 1819 ఆగస్టు 25వ తేదీన, తన యెనుబదిమూడేండ్ల వయసున వాట్టు మరణించెను.

గ్రీనాకులో ఒక తండ్రి తన బిడ్డ కొసగినవి చిన్న బల్లయు, కొన్ని పనిముట్లును, తప్పులు చేసి దిద్దుకొనుటకు తగిన తీరికయు మాత్రమే. నడువని నమూనాను చూచి విసుగు చెందక, అది ఏల నడువదని అడుగు గుణము వాట్టునకు ఆ బల్లయొద్దనే అలవడినది.