ఇన్సులిన్ దాత బాంటింగ్

డాక్టరు ఇన్సులిన్ రాస్తే ఇక ఆఖరి దశేనని మనలో చాలామంది భయపడతారు. ఎనిమిదేళ్లుగా వేసుకుంటున్న నేను ఫ్రెడరిక్ బాంటింగ్ గారిని రోజూ తలచుకుంటాను.

ఆయన 1891 నవంబరు 14న కెనడాలో రైతు కుటుంబంలో పుట్టారు. డాక్టరై, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డారు. 1921లో టొరంటోలో, మెక్‌లియోడ్ ప్రయోగశాలలో, బెస్ట్ అనే విద్యార్థితో కలిసి కుక్కల క్లోమం నుంచి మందు తీశారు. అప్పటిదాకా సుగర్ పిల్లలకు పస్తులే వైద్యం. 1922 జనవరి 11న ఒక కుర్రవాడికిచ్చిన మొదటి ఇంజక్షన్ అంతగా పనిచేయలేదు. కాలిప్ శుద్ధిచేసిన మందు 23న ఇచ్చాక సుగర్ దిగింది, అబ్బాయి కోలుకున్నాడు.

పేటెంటు హక్కును ఒక్కొక్కరూ ఒక్క డాలరుకే యూనివర్సిటీకిచ్చేశారు. 1923 నోబెల్ సొమ్ములో తన వాటాలో సగం బాంటింగ్ బెస్ట్‌కిచ్చారు. 1941లో విమాన ప్రమాదంలో 49 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన పుట్టినరోజే ప్రపంచ మధుమేహ దినం.

ఇన్సులిన్ ఆఖరి మందు కాదు, ప్రాణం నిలిపిన మొదటి మందు. భయంతో మానకండి.