రహీము మాస్టరు

సికింద్రాబాదునుండి మేడ్చలునకు బోవు రైలుమార్గమున అమ్ముగూడ యను చిన్న స్టేషను కలదు. దాని తరువాతి స్టేషనునకు కావల్రీ బ్యారక్సు అని పేరు. తిరుమలగిరి, అల్వాలు, బొల్లారము మొదలగు నీ యుత్తరపు పొలిమేరలు ఆంగ్లేయుల కాలమున దండు విడిసిన ప్రదేశములని యా పేరే చాటుచున్నది. దండుతోబాటు దండువారి బంతియాటయు నిచ్చటికి వచ్చెను. దొరల యాటను వెలుపల నిలిచి చూచిన పేదబాలురు దానిని తమ వాడలలో వట్టికాళ్లతో నాడి నేర్చుకొనిరి. 1936లో నీ యమ్ముగూడలోనే తులసీదాసు బలరాం జన్మించెను. ఆ బాలుని చేయిపట్టి దేశపు జట్టుదాక నడిపించిన యొక బడిపంతులు జీవితమును నేడు పాఠకులకు విన్నవింపదలచితిమి.

సయ్యదు అబ్దుల్ రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జదివి పట్టభద్రుడై, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో నాడి పేరొందెను. పిదప ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలు మున్నగువానిలో బనిచేసెను. వ్యాయామవిద్యలో డిప్లొమా బడసి బాలుర యాటల బాధ్యతయు వహించెను. సాయంకాలమున నగరపు క్లబ్బులలో దానును ఆడుచుండెను. ఆటగానిగా నతని కీర్తి స్థానికమే. అతని యసలు శక్తి యితరుల కాలిలోని నేర్పును కనిపెట్టుటలో నుండెను.

1943లో నతడు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియు, నగర పోలీసు జట్టునకు శిక్షకుడును ఆయెను. పోలీసు కొలువున జీతము దీసికొనుచు బంతియాడు సామాన్యులే యా జట్టువారు. అట్టివారిని దీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వరకు నైదేండ్లు వరుసగా బొంబాయిలోని రోవర్సు కప్పును హైదరాబాదునకు దెచ్చెను. బంతియాట కలకత్తావారి సొత్తని దేశమంతయు దలచుచుండిన కాలమున దక్కనునుండి వచ్చిన యీ జట్టు వారిని నివ్వెరపఱచెను.

అతని బోధనాపద్ధతి గమనింపదగినది. ఆటగాడు తన కలవాటైన కాలితోడనే యాడుట యొక లోపమని యతడెంచి, అలవాటులేని కాలితో మాత్రమే యాడవలసిన పోటీలను నడిపెను. బంతిని తనయొద్దనే యుంచుకొని యొక్కడే పోవు బాలురకై, బంతిని వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో వేఱు పోటీలను నిర్వహించెను. ఒక్క పైరునే నమ్ముకొన్న సేద్యగాడు ఒక్క వాన తప్పినచో కూలిపోవును. ఒక్క నేర్పునే నమ్ముకొన్న యాటగానికిని అదే గతి. ఎచ్చట నిలిపిన నచ్చట నాడగల ప్రజ్ఞ పుట్టుకతో వచ్చు వరమని లోకులందురు. అది నిత్యాభ్యాసమువలన వచ్చు పంట యని రహీము నిరూపించెను.

దేశపు జట్టునకు శిక్షకుడై 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును గెలిపించెను. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్కులలో యుగోస్లావియా చేతిలో 10-1 గోలుల ఘోరపరాజయము గలిగెను. మనవారిలో పలువు రా చలిదేశమున పాదరక్షలు లేకయే యాడిరి. ఆ పిమ్మట ఆటగాండ్రందఱును బూట్లు దొడుగవలెనను నియమ మేర్పడెను. ఓటమికి సాకులు వెదకక, రహీము పాశ్చాత్యుల వ్యూహములను శ్రద్ధతో బరిశీలించి, మనవారి దేహశక్తికి దగినట్లు మార్చి నేర్పదొడగెను.

ఆ దినములలోనే బలరా మతని కంటబడెను. హైదరాబాదు మైదానమునకు నిత్యము రమ్మని రహీము చెప్పగా, రాకపోకలకు డబ్బులేదని యా పేద యువకుడు తెలుపుకొనెను. అద్దె సైకిలునకై దినమున కొక రూపాయి రహీమే యిచ్చెను. బడిపంతులు జీతమున రూపాయి విలువ యెంతయో యా కాలమువారికి దెలియును. ఆ సైకిలు ప్రయాణము వ్యర్థము కాలేదు. 1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ యేటనే బలరాం మెల్బోర్ను ఒలింపిక్కులకు బోయెను. అచ్చట మనవారు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో నోడించి, ఒలింపిక్ ఫుట్‌బాలు సెమీఫైనలు జేరిన తొలి ఆసియా జట్టై నాలుగవ స్థానము నందిరి. బలరాం ఎడమప్రక్కను, నడుమను, ముందువరుస నెచ్చట నిలిపినను ఆడగలవాడాయెను. 1960లో రోమునందు హంగరీపైనను పెరూపైనను గోలులు చేసెను.

రహీము విద్యకు బరమపరీక్ష 1962లో జకార్తాలో జరిగెను. తొలి యాటలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0 గోలులతో నోడించెను. థాయిలాండుతో నాటలో బ్యాకు జర్నైలుసింగు తలకు గాయమై కుట్లు పడెను. గోల్‌కీపరు తంగరాజు జ్వరపీడితుడాయెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల కాహ్వానము నిరాకరింపబడుటనుగూర్చి మన ప్రతినిధి యాక్షేపించినందున ప్రేక్షకులు మనవారిపై నాగ్రహించియుండిరి. గాయపడిన తలతో బంతి నెదిరించి గోలును గాచుట కష్టమని యెంచి, రహీము జర్నైలుసింగును ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. జీవితమంతయు గోలును గాచినవాడు సెమీఫైనలులో నొక గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన, లక్షమంది హేళన నడుమ జరిగిన ఫైనలులో మఱియొకటి చేసెను. హైదరాబాదు గడ్డమీద బుట్టి, మొదట సెంటర్ ఫార్వర్డుగా నాడి పిదప గోల్‌కీపరైన తంగరాజు ఆనాడు మరల గోలు కడ నిలిచెను. దక్షిణ కొరియాను 2-1 గోలులతో జయించి మనవారు స్వర్ణపతకము నందిరి. వెనుకవాడు ముందునకు, ముందువాడు వెనుకకు బోయి పనిచేయగలిగిన జట్టునకు ఆపద యడ్డుగాలేదు.

తొమ్మిది మాసములు గడచెను. 1963 జూను 11వ తేదీన క్యాన్సరు వ్యాధిచే రహీము కన్నుమూసెను. అప్పటి కతనికి యేబదినాలుగేండ్లు నిండలేదు. బలరామును అనారోగ్యమున ఆ యేడే యాట విరమించెను. నాటినుండి నేటివరకు మన పురుషుల జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణము గెలువలేదు. రోము తరువాత ఒలింపిక్కులలో నాడనేలేదు. బలరాం 2023లో మరణించెను. 2024లో రహీము చరిత్రము హిందీ చలనచిత్రమై దేశమంతట బ్రదర్శింపబడెను. మరణించిన యఱువదేండ్లకు లోకమతని దలచుకొనుట సంతోషమే. అయినను, చిత్రము చూచి కన్నీరు గార్చుటతో ఋణము తీరునా యని మన మడుగుకొనవలెను.

మేడ్చలునకు దూర్పున షామీరుపేట చెరువు కలదు. చెరువున నీరు నిలుచుట వానవలన మాత్రమే కాదు. కట్టను కనిపెట్టుకొనియుండువాడు కావలెను. మన పల్లెలలో బలరాముల కేనాడును కొఱత లేదు, కొఱవడినది కట్టగాచువాడు. గ్రామమునకొక మైదానమును విడిచిపెట్టుట భూస్వాములకు భారము కాదు. బడికొక వ్యాయామోపాధ్యాయుని నియమించి యతనికి దగిన జీతము నిచ్చుట ప్రభుత్వమున కసాధ్యము కాదు. మైదానములు ఇండ్లస్థలములై యమ్ముడుపోవుచున్న యీ దినములలో, దినమున కొక్క రూపాయితో నొక బడిపంతులు సాధించినదానిని మన పెద్దలు నిదానముగా దలపోయుదురు గాక.